మణలి వైపు నుంచి రాత్రిపూట కంపు, స్క్రబ్బర్లు ఉన్నా ఎందుకొస్తోంది?

తిరువొత్తియూరు తెలుగోడు:
ఒంగోలు నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడ చెన్నైలో, మణలి ఫ్యాక్టరీల పక్కనే తిరువొత్తియూరులో ఉంటున్నాం అండి. రాత్రయితే చాలు మణలి వైపు నుంచి ఓసారి కుళ్ళిన కోడిగుడ్ల కంపు, ఇంకోసారి థిన్నర్ లాంటి ఘాటు, పగలు ఇంత ఉండదు. ఫ్యాక్టరీల్లో బయటికెళ్ళే గ్యాసుల్ని నీళ్ళు, రసాయనాలతో కడిగే స్క్రబ్బర్లు ఉంటాయిగా, మరి ఇదేంటి?

ప్లాంట్ మనిషి:
బ్రదర్, అన్ని గ్యాసులకీ ఒకే స్క్రబ్బర్ పనికిరాదు. అమ్మోనియా నీళ్ళలో ఇట్టే కరుగుతుంది, గుడ్ల కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది అయితే ఆ నీళ్ళలో కాస్టిక్ (క్షారం) కలపాలి, అది అయిపోయి పీహెచ్, అంటే నీళ్ళలో క్షారగుణం, పడిపోయిందనుకోండి పంపు తిరుగుతూనే ఉంటుంది, గ్యాసూ పోతూనే ఉంటుంది. టోలుయీన్ లాంటి సాల్వెంట్లు నీళ్ళకి లొంగవు, కండెన్సర్‌లో చల్లబరిచి మిగిలింది కార్బన్ బెడ్‌లో (ఆవిరిని పీల్చుకునే బొగ్గు పొర) పట్టాలి లేదా థర్మల్ ఆక్సిడైజర్‌లో కాల్చేయాలి. కార్బన్ నిండాక మార్చకపోతే ఉన్నా లేనట్టే. చాలామంది చిమ్నీనే చూస్తారు గానీ నన్నడిగితే వాల్వులు, ఫ్లాంజ్‌లు (పైపుల అతుకులు), పంపు సీళ్ళు, ట్యాంకర్ నింపేటప్పుడు లేచే ఆవిరి, ఇవే అసలు తలనొప్పి. మీటర్ పట్టుకుని ఒక్కో జాయింటూ చెక్ చేసే ఓపిక మేనేజ్‌మెంట్‌కి ఉండాలి కదా.

ఎన్నూరు అక్క:
రాత్రి గాలి నేల మీంచి సముద్రం వైపు తిరుగుతుంది తమ్ముడూ, మణలి మీకు పడమర, ఇంకేముంది నేరుగా మీ ఇంటికే. పైగా నేల చల్లబడ్డాక గాలి పైకి లేవక కిందే ఉండిపోతుంది. 2023 డిసెంబర్ 26 రాత్రి మా ఎన్నూరులో అమ్మోనియా పైపు లీకైనప్పుడు జనం నిద్రలోంచి లేచి పరుగులు. కంప్లయింట్ పెడితే ఉత్త "వాసన" అని రాయకండి, టైము, గాలి దిక్కు, ఏ రకం వాసన అన్నీ రాసి పొల్యూషన్ బోర్డుకి పంపండి.