అప్‌డేట్: ఫిల్మ్ నుంచి ఫోన్‌కి మారాక

ఇన్నేళ్లు ఫిల్మ్ మీద ఫొటోలు తీసినవాణ్ణి, ఫోన్‌తో తీస్తే వెలుగున్న చోటల్లా తెల్లగా పోతోందేంటని అడిగాను కదా. ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుతురు) తగ్గించమన్నవాళ్లకి థ్యాంక్స్, పనిచేసింది. నెగెటివ్ ఫిల్మ్ కాస్త ఎక్కువ వెలుతురునైనా తట్టుకుంటుంది, అందుకే నీడలు చూసి వెలుతురు కొలిచేవాణ్ణి. ఫోన్‌లో ఫిల్మ్ బదులు వెలుతురుని పట్టే సెన్సర్‌లో ఒక చోటు పూర్తిగా తెల్లగా పోతే అక్కడి వివరం ఇక రాదు. ఇప్పుడు స్క్రీన్‌లో వెలుగున్న చోట వేలు నొక్కిపట్టి, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, దాన్ని కొంచెం కిందికి జరుపుతున్నా. బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌లో ఎండ పడ్డ బంతిపూల రాశుల్లో రేకులు విడివిడిగా వచ్చాయి! రా ఫైల్ (ఫోన్ మెరుగులు దిద్దని ఫొటో) కూడా ఆన్ చేశా. ఫోన్ తనంతట తాను చేసే నునుపు నాకు నచ్చదు, మొహాలు మైనం బొమ్మల్లా ఉంటాయి. రోల్‌కి 36 ఫొటోలే అనే హద్దు లేకపోవడమే ఇంకా ఇబ్బంది. తీయడం కంటే ఏరుకోవడానికే ఎక్కువ టైమ్ పడుతోంది. దానికేమైనా పద్ధతి ఉంటే చెప్పండి.