క్యాలిపర్ బ్రాకెట్ బోల్ట్ అస్సలు కదలట్లేదు

ప్రశ్న: కాకినాడలో ఉంటాం, సముద్రపు గాలికి కారు కిందంతా తుప్పే. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే మారుద్దామని కూర్చుంటే, క్యాలిపర్‌ని (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పట్టి ఉంచే బ్రాకెట్ బోల్ట్ ఒకటి బిగుసుకుపోయింది, రింగ్ స్పానర్ జారి దాని మూలలు కూడా కాస్త అరిగాయి. మంట పెట్టి వేడి చేయమంటున్నాడు మా బామ్మర్ది. చెయ్యొచ్చా?

జవాబు: ప్యాడ్లకే అయితే బ్రాకెట్‌తో పనేంటి? చాలా కార్లలో క్యాలిపర్ పిన్ బోల్ట్ విప్పితే చాలు.

ప్రశ్న అడిగినవారు: డిస్కు కూడా మార్చాలండి, అరిగి అంచు బాగా లేచింది, అందుకే బ్రాకెట్ విప్పాల్సి వస్తోంది.

జవాబు: మంట వద్దు బాబూ, పక్కనే పిన్నుల రబ్బరు బూట్లు (తొడుగులు), బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ గొట్టం) ఉన్నాయి, అవి కాలితే ఇంకో ఖర్చు. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలెయ్యండి, ప్యాడ్ల మీద మాత్రం పడనివ్వకండి. పొద్దున ఆరు మూలల సాకెట్‌ని సుత్తితో దిగ్గొట్టి, బ్రేకర్ బార్‌తో (సాకెట్ తిప్పే పొడవాటి కడ్డీ) ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత వదులు వైపు.

జవాబు: ఆ బోల్ట్ తల లోపలి వైపు ఉంటుంది, బయటి నుంచి చూస్తే దిశ తిరగబడుతుంది, మావాడొకడు చాలాసేపు బిగిస్తూనే ఉన్నాడు! బండి ఒట్టి జాకీ మీద ఉండగా అంత బలం పెట్టొద్దు, స్టాండ్లు పెట్టండి. ఆ అరిగిన బోల్ట్ పారేసి కొత్తది టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్), మాన్యువల్లో చెప్పినంతే బిగించండి.