మురుగు కనెక్షన్ లేని క్యాంపులో ఐదు రాత్రులు: వాడిన నీళ్లను ఏం చేయాలి?

కాలిఫోర్నియాలో ఉంటాం. వచ్చే నెల అమ్మానాన్నలను, ఇద్దరు పిల్లలను తీసుకుని మా ట్రెయిలర్‌లో (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు) యోసెమిటీ నేషనల్ పార్కుకు వెళ్తున్నాం. అక్కడి క్యాంపుల్లో నీళ్లు, కరెంటు, మురుగు కనెక్షన్లు ఉండవు. ట్యాంకులు ఖాళీ చేసే చోటు మేము దిగే అప్పర్ పైన్స్ క్యాంపులోనే ఉంది. కానీ అక్కడికి వెళ్లాలంటే సర్దిన సామానంతా కదిల్చి ట్రెయిలర్‌ను మళ్లీ బండికి తగిలించాలి.

మరుగుదొడ్డి ట్యాంకుతో చిక్కు లేదు, క్యాంపులోని మరుగుదొడ్లే వాడుకుంటాం. బెంగంతా స్నానాల నీళ్లు, గిన్నెల నీళ్లు చేరే 30 గాలన్ల ట్యాంకు గురించే. కిందటిసారి మూడో రోజు పొద్దున అమ్మ పప్పుగిన్నె కడుగుతుంటే, స్నానాల గది తూములోంచి పసుపుపచ్చని నీళ్లు మెతుకులతో సహా పైకి పొంగాయి. మీటరు మాత్రం ట్యాంకులో ఇంకా చోటుందనే చూపిస్తోంది! తన వల్లే ఇలా జరిగిందని అమ్మ ఆ రోజంతా నొచ్చుకుంది. ఈసారి ఆమెకు ఆ బాధ కలగకూడదు.

నేల మీద పారబోయడం మాత్రం చేయను. అది నియమాలకు విరుద్ధం, పైగా ఎలుగుబంట్లు తిరిగే చోటు.

ట్రెయిలర్‌ను కదపకుండా వాడిన నీళ్లను ఆ ఖాళీ చేసే చోటికి చేర్చడానికి, చక్రాల మీద లాక్కెళ్లే 15 గాలన్ల ట్యాంకు కొందామనుకుంటున్నాను. నిండితే నీళ్ల బరువే దాదాపు 57 కిలోలు. చేత్తో లాగగలమా? వాడినవారు చెప్పండి. తాలింపు జిడ్డు ట్యాంకులో పేరుకోకుండా, మన వంట మానకుండా మీరేం చేస్తున్నారు?