సర్కారు తుమ్మ కొట్టి కట్టెలు తోలుకోవాలి, ఇద్దరమే చేసుకోగలమా?

గాడిపొయ్యి అడిగారు:

అన్నలకు నమస్కారం. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా, కనిగిరి వైపు. మా అమ్మ ఇంటి దగ్గరే అరిసెలు, చెక్కలు, కజ్జికాయలు చేసి అమ్ముతుంది. ఆర్డర్లు పెరిగాక గ్యాస్ మీద గిట్టుబాటు కాక పెరట్లో గాడిపొయ్యి తవ్వాం. అడితిలో కట్టెలు కొంటే పచ్చివీ ఎండువీ కలిపి కాటా వేస్తున్నారు. ఆ పొగకి అమ్మ కళ్లు మంటలెత్తిపోతున్నాయి, చూడలేకపోతున్నా.

నా స్నేహితుడికి ఊరి బయట రెండెకరాల మెట్ట ఉంది. వాళ్ల నాన్న పోయాక సేద్యం ఆగిపోయింది, ఇప్పుడదంతా సర్కారు తుమ్మ అడివి. "కట్టె మొత్తం నువ్వు తోలుకోరా, నాకు చేను బాగుపడితే చాలు" అంటున్నాడు. పనిలోకి వాడూ దిగుతాడు. మా బాబాయిది ట్రాక్టరు, ట్రక్కు ఉన్నాయి. చెట్లు కోసే చైను మిషను అద్దెకి తెద్దామనుకుంటున్నాం. గొడ్డలి పని ఇద్దరికీ తెలుసు, ఇంత కంపలో మాత్రం ఎప్పుడూ చేయలేదు. ఎప్పుడు కొట్టాలి? ఎన్నాళ్లు ఆరాలి? ముళ్లకి ఏం చేయాలి? పర్మిషన్ కావాలా?

సాగర్_కాలువ రాశారు:

ఇంత శ్రమ ఎందుకు బ్రదర్? బొగ్గుల బట్టీ వాళ్లకి మాట్లాడి ఇచ్చేయండి. వాళ్లే కొట్టుకుంటారు, ఎదురు డబ్బులు కూడా ఇస్తారు. ఆ డబ్బుతో ఎండు కట్టె కొనుక్కోవచ్చు.

మెట్టరైతు రాశారు:

తమ్ముడూ, బట్టీ వాళ్లకి ఇవ్వొద్దనే నేను చెప్తా. వాళ్లకి కావలసింది కట్టె, మీవాడికి కావలసింది చేను. వాళ్లు మొదలు నేలకి జానెడు పైన నరికి వెళ్లిపోతారు. రెండు వానలు పడితే ఒక్కో మోడు చుట్టూ గుత్తులుగా పిలకలు లేస్తాయి, వచ్చే ఏటికి ముందున్న చెట్టు కన్నా దట్టమైన పొద అవుతుంది. ఈ చెట్టుకి మళ్లీ చిగురించే కళ్లన్నీ మొదట్లోనే, నేలకి కాస్త కిందుగా ఉంటాయి. కాబట్టి చుట్టూ మట్టి తీసి, కనీసం అడుగు లోతున వేరు తెంపి మొద్దును పైకి లాగాలి. గడ్డపార, పలుగు చాలు. లావుపాటి మొద్దులు మిగిలితే చివర్లో జేసీబీని గంటల లెక్కన పిలిపించుకోండి. ఆ మొద్దులే గాడిపొయ్యికి అసలైన సరుకు, తెల్లారేదాకా నిప్పు నిలుపుతాయి.

కొట్టడానికి సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టండి. నేల ఆరి ట్రక్కు దిగబడదు, ఎండ ఒంటికి ఓర్చుకునేట్టు ఉంటుంది. ఇంకో కారణం కూడా ఉంది. ఎండాకాలంలో ఈ చెట్టు కాయలు పండి రాలతాయి, తియ్యగా ఉంటాయని గొడ్లూ మేకలూ ఏరుకుని తింటాయి. గింజ అరగదు, పేడలో పడి పక్క చేలన్నిటా మొలుస్తుంది. కాయ పండకముందే చెట్టు నేలకూలితే ఊరికి కూడా మేలు. 1870లలో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు ఈ చెట్టును మన కడప జిల్లా కమలాపురంలో నాటించారు. ఎండు నేలల్లో పచ్చదనం, కట్టె వస్తాయని తెచ్చిన చెట్టు ఇలా పొలాల మీద పడింది.

ఇక ముళ్లు. మీ ఇద్దరికీ ఇదే అసలు పని, కోత కాదు. ముందు మిషను ముట్టుకోవద్దు. ఒకడు దోటితో బయటి కొమ్మలు తెంపుతుంటే రెండోవాడు పంగల కర్రతో ఆ కంపని నొక్కి పట్టి వెనక్కి లాగాలి. చేత్తో లాగే అలవాటు అస్సలు వద్దు. మొదలు కనబడి, మనిషి నిలబడి వెనక్కి తప్పుకోవడానికి దారి ఏర్పడ్డాకే కోత. కంప కుప్పని కర్రతో తట్టి చూడకుండా కాలు పెట్టకండి, కింద రక్తపింజరి చుట్టుకుని ఉంటుంది. హవాయి చెప్పులతో వెళ్తే ముల్లు అడుగు దూసుకుని అరికాల్లో దిగుతుంది. గట్టి అడుగు ఉన్న బూట్లు, తోలు గ్లౌజులు, కళ్లకి అద్దాలు కొనుక్కోండి, ఆ ఖర్చుకి వెనకాడొద్దు. ముల్లు కొస లోపలే విరుగుతుంది. కీలు దగ్గర గుచ్చుకుని వాపు వస్తే పసుపు రాసి ఊరుకోకుండా డాక్టరుకి చూపించాలి. ఇద్దరూ ముందుగానే టీటీ ఇంజక్షను వేయించుకోండి.

మిషను పట్టినవాడు ఒక్కడే చెట్టు దగ్గర ఉండాలి. రెండోవాడు ఆ చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో, మిషనువాడికి కనబడేట్టు నిలబడాలి. ఈ చెట్టు నిటారుగా ఉండదు, మెలికలు తిరిగిన కొమ్మలు ఒకదాన్నొకటి వంచి పట్టుకుని ఉంటాయి. ఒకటి కోయగానే ఇంకొకటి ఎగిరి కొడుతుంది. బ్లేడు కొస పై అంచు దేనికీ తగలనివ్వొద్దు, మిషను మీ ముఖం మీదికే లేస్తుంది. మొదటికి అంటిన మట్టి గీకేసి కోయండి, ఇసుక తగిలితే చైను నిమిషంలో మొద్దుబారుతుంది. చేవ గట్టిది కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడే పొయ్యి కొలతకి, మూరెడు ముక్కలుగా కోసి, లావువి చీల్చేయండి. ఎండాక గొడ్డలి గంతులేస్తుంది.

కొట్టిన రోజే తోలొద్దు. పచ్చి కట్టె అయితే నీళ్ల బరువు కూడా మోయాలి. చేలోనే రాళ్ల మీదో కర్రల మీదో, నేలకి తగలకుండా, గాలి ఆడేట్టు అడ్డంగా నిలువుగా పేర్చి వదిలేయండి. రోహిణి కార్తె ఎండలు తిన్నాక, తొలకరికి ముందు తోలుకోండి. రెండు పేళ్లు తాటిస్తే ఖంగుమనాలి, కొసలు పగుళ్లివ్వాలి, బెరడు గోటితో లేచిరావాలి. అలా ఆరిన కట్టె అయితే అరిసెల పాకం పట్టేటప్పుడు సెగ నిలకడగా ఉంటుంది, అమ్మ కళ్లకీ సుఖం.

రేంజిరోడ్డు రాశారు:

పర్మిషన్ గురించి నేను చెప్తా. పట్టా భూమే అయినా చెట్లు కొట్టడానికి 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. సర్కారు తుమ్మ మధ్యలో వేప, చింత, నల్లతుమ్మ ఏవైనా కలిసి ఉంటే వాటి జోలికి పోకండి. ముందుగా పట్టాదారు పాస్‌బుక్ నకలు పట్టుకుని ఫారెస్టు రేంజి ఆఫీసులో అడిగి, వాళ్లు చెప్పినట్టు కాగితం తీసుకోండి. హద్దు రాళ్లు కూడా చూసుకోండి. కంప పెరిగినచోట మన చేను ఎక్కడ ఆగిందో, వాగు పోరంబోకు ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు.

గాడిపొయ్యి రాశారు:

అందరికీ థాంక్స్ అన్నా. మెట్టరైతు అన్నా, ఇంకొక్క మాట. మిగిలిన కంపంతా ఏం చేయమంటారు? చేలోనే తగలబెట్టమంటున్నాడు మావాడు. ట్రక్కుకి ఎంత ఎత్తు వేయొచ్చు?

మెట్టరైతు రాశారు:

తగలబెట్టొద్దు తమ్ముడూ, మాఘమాసం గాలికి పక్కవాళ్ల గడ్డివాము అంటుకుంటే ఊళ్లో తలెత్తుకోలేరు. గట్ల మీద పరిచి కంచె వేయండి, దున్నాక వేసే పైరుకి ఎలాగూ పందుల బెడద ఉంటుంది. కంచె ఎండాక మీ అమ్మకి పొయ్యి రాజేసుకోవడానికి పుల్లలు అందులోనివే సరిపోతాయి.

ట్రక్కుకి పక్క చెక్కల ఎత్తు దాటించకండి. మొద్దులు అడుగున, ఇరుసు మీద బరువు పడేట్టు వేసి, పేళ్లు పైన సర్ది, మోకుతో రెండు చోట్ల బిగించండి. బరువంతా వెనక్కి పడితే గట్టు ఎక్కేటప్పుడు ట్రక్కు ముందు కొస పైకి లేచి, ట్రాక్టరు వెనక చక్రాలకి పట్టు తప్పుతుంది. లోడు మీద మనిషిని ఎక్కించొద్దు, మీ స్నేహితుణ్ణి బండి మీద వెనకాల రమ్మనండి.