నిష్పత్తులకి 1.96 సూత్రం ఇంకా నేర్పాలా, మానేయాలా?

గీటురాయి:
శాంపిల్‌లో వచ్చిన శాతానికి అటూ ఇటూ 1.96 స్టాండర్డ్ ఎర్రర్లు (శాంపిల్ మారితే శాతం మామూలుగా ఎంత ఊగుతుందో చెప్పే కొలత) వేసి 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే అసలు శాతాన్ని పట్టుకోవాలని వేసే హద్దులు, అని రాసేస్తాం కదా, దాన్నే వాల్డ్ ఇంటర్వల్ అంటారు. నిష్పత్తుల విషయంలో దాన్ని మానేయాలని నా వాదన. 20 వస్తువులు చూస్తే ఒకదానిలో లోపం కనబడిందనుకోండి. ఈ సూత్రం ప్రకారం లోపాల శాతం -4.6 నుంచి 14.6 దాకా. మైనస్ శాతం లోపాలేంటండీ? ఒక్కటీ దొరక్కపోతే ఇంకా ఘోరం, 0 నుంచి 0 అని వస్తుంది. 20 చూసి మొత్తం సరుకుకి పూచీ ఇచ్చినట్టే!

సుద్దముక్క:
నేను ఈ సబ్జెక్టే చెప్తాను. 1000 మందిలో 40% వస్తే వాల్డ్ అయినా, దానికి బదులుగా చెప్పే విల్సన్ పద్ధతి (వర్గసమీకరణంతో లెక్కకట్టేది) అయినా దాదాపు 37 నుంచి 43, తేడా కంటికి ఆనదు. అవును, కాదు (లోపం ఉన్నవి, లేనివి లాగ) రెండూ కనీసం పదేసి ఉంటేనే వాడమని షరతు కూడా చెప్తున్నాం. సులువుగా అర్థమయ్యేదాన్ని తీసేసి వర్గసమీకరణం నెత్తిన పెడితే పిల్లలకి టెన్షన్ తప్ప ఏం మిగులుతుంది?

గీటురాయి:
షరతు సరే గురువుగారూ, అది తప్పినప్పుడు పిల్లలు ఏం వాడాలి? అది చెప్పరు, కాబట్టి అదే సూత్రం వాడేస్తారు. ఈ లెక్క చేతితో వేసి చూడండి. అసలు లోపాలు 5% అనుకుందాం. 20 తీస్తే ఒక్క లోపమూ తగలకపోయే అవకాశం, 0.95ని ఇరవైసార్లు గుణిస్తే, 0.358. అంటే వందలో 36 సార్లు మన ఇంటర్వల్ 0 నుంచి 0, అందులో 5 లేనే లేదు. గణాంకవేత్త నేమన్ 1937లో ఈ కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ సిద్ధాంతం పెట్టినప్పుడు 95 అంటే పద్ధతి వందలో ఎన్నిసార్లు అసలు విలువని పట్టుకుంటుందన్న మాట, ఇక్కడ పట్టేది 64 సార్లే. విల్సన్ 1927లోనే దారి చూపించాడు: స్టాండర్డ్ ఎర్రర్‌ని శాంపిల్ శాతంతో కాకుండా, మనం పరీక్షిస్తున్న ప్రతి విలువతోనూ కట్టి, మన శాంపిల్ దానికి 1.96 లోపల ఉంటే ఆ విలువని ఉంచుకోవడం. 20లో 1కి 0.9 నుంచి 23.6, 20లో 0కి 0 నుంచి 16.1. వెడల్పుగా ఉందంటారా, 20 వస్తువులు చూసి అంతకంటే ఏం తెలుస్తుంది?

మొదటి సెమిస్టర్:
మరి సగటుకి కూడా 1.96 తప్పేనా సార్?

గీటురాయి:
చిన్న శాంపిల్ అయితే తప్పే. అక్కడ స్టూడెంట్ అనే కలం పేరుతో గాసెట్ 1908లో రాసిన వ్యాసం నుంచి పుట్టిన టి పట్టిక ఉంది, 10 విలువలకి 1.96 బదులు 2.26. సగటుకి ఆ జాగ్రత్త అందరూ నేర్పుతారు, నిష్పత్తికే ఎందుకు వదిలేస్తారో!

సుద్దముక్క:
36 సార్ల లెక్క వేసి చూశాను, నిజమే. ఇన్నేళ్లూ ఆ మూల చూడలేదు. కానీ విల్సన్ కంటే అగ్రెస్టి, కౌల్ 1998లో చెప్పింది క్లాసుకి నయం, శాంపిల్‌కి రెండు అవునులు, రెండు కాదులు అదనంగా కలిపి పాత సూత్రమే వేయడం.

గీటురాయి:
అదీ మంచిదే. 20లో 1కి -0.7 నుంచి 25.7 వస్తుంది, మైనస్ కాస్త మిగులుతుంది గానీ పట్టు మాత్రం బాగుంటుంది. ఒక్కటి మాత్రం చేయించండి, జవాబులో "లోపాలు లేవు" అని కాక "20లో 0, విల్సన్ ఇంటర్వల్ 0 నుంచి 16.1%" అని రాయించండి.