బెల్లం వండే ఇంటి నుంచి మెటబాలిక్ ఇంజనీరింగ్‌కు పోవచ్చా? కాస్త నిజం చెప్పండి

పాకాల_పిల్ల:
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పాకాల దగ్గర పల్లె, నాయన చెరకు వేసి బెల్లం వండుతాడు. నాకేమో మెటబాలిక్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేయాలని ఉంది. సూక్ష్మజీవి లోపల జరిగే రసాయన చర్యల దారి మళ్లించి మనకు కావాల్సిన మందో రంగో ఇంధనమో దాని చేత చేయించుకోవడం అని ఇంట్లో చెప్తే, మా అవ్వ "అంటే దానికి పని నేర్పిస్తావా" అనింది. దాదాపు అదే కదా.

ఈ పిచ్చి జే కీస్లింగ్ గురించి చదివాక పట్టింది. ఆయనదీ నెబ్రాస్కాలో సేద్యం చేసే ఇల్లే, కెమికల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేసి బర్క్‌లీలో ప్రొఫెసర్ అయ్యి, మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కు కొన్ని మెట్ల ముందుండే ఆర్టెమిసినిక్ ఆమ్లాన్ని ఈస్ట్ (పిండి పులియబెట్టే సూక్ష్మజీవి) చేత చేయించాడు. ఆ మందు మామూలుగా ఒక చైనా మొక్క నుంచి తీస్తారు, మనం వినాయక చవితి పత్రిలో పెట్టే మాచిపత్రికి చుట్టమే అది. చదివిన రోజు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఒక ఫార్మా కంపెనీలో క్యూసీ (సరుకు నాణ్యత పరీక్షించే) ఉద్యోగం వచ్చేలా ఉంది. నాయన చేరమంటున్నాడు, అమ్మకు పెళ్లి టెన్షన్. ఈ లైన్లో ఉన్నవాళ్లు చెప్పండి, రోజూ చేసే పని ఎలా ఉంటుంది? దీని మీద బతకొచ్చా?

పాత_షేకర్:
చెల్లీ, నాదీ తిరుపతే, బైరాగిపట్టెడ. పీహెచ్‌డీ అయిపోయి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాను.

కీస్లింగ్ కథ అందరూ 2006 దగ్గర ఆపేస్తారు. ఆ ఏడాది నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్లో ఆ ఆమ్లం లీటరుకు 100 మిల్లీగ్రాముల దాకా వచ్చింది, పేపర్‌కు అది గొప్పే, ఫ్యాక్టరీకి ఏ మూలకూ చాలదు. లీటరుకు 25 గ్రాములు అని రాసింది 2013లో. అంటే 250 రెట్లు, ఏడేళ్లు, ఒక పెద్ద గుంపు. నువ్వు చేరబోయే పని ఆ ఏడేళ్లలో ఉంటుంది, 2006లో కాదు.

ఎందుకంత కాలం అంటే, ఈస్ట్‌కు తన పొర కట్టుకోవడానికి ఎర్గోస్టెరాల్ కావాలి. దానికి పోయే ముడిసరుకునే మనం మందు వైపు లాక్కోవాలి. ఆ దారి పూర్తిగా మూస్తే ఈస్ట్ చస్తుంది, మూయకపోతే మనకేమీ మిగలదు. కాలువకు మట్టి కట్ట వేసి పక్క చేనికి ఎంత వదలాలి, మన చేనికి ఎంత తిప్పాలి అని మీ నాయన రోజూ చేసే లెక్కే. కాకపోతే ఇక్కడ మడవ కంటికి కనపడదు, జీన్లు ఒక్కొక్కటిగా మారుస్తూ వారాల తరబడి తడుముకోవాలి.

రోజూ పని అడిగావు కదా. పొద్దున ల్యాబ్ తలుపు తీస్తే మేం పెంచే ఈకొలై బ్యాక్టీరియా వాసన, మొదట్లో వాంతి వస్తుంది, ఆర్నెల్లకు ఆ వాసన లేకపోతే రాత్రి పెట్టిన కల్చర్ పెరగలేదేమో అని భయం వస్తుంది. ఫ్లాస్కులను ఊపే షేకర్ గరగర. కల్చర్ ఎంత పెరిగిందో చూడటానికి స్పెక్ట్రోలో 600 నానోమీటర్ల దగ్గర రీడింగ్, గంట గంటకూ. తర్వాత ద్రవంలో ఏమేముందో విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు కూర్చుని పీకు (మన సరుకు ఉందని గ్రాఫ్‌లో లేచే శిఖరం) కోసం ఎదురుచూపు. మూడో ఏడాది నాకొక అందమైన పీకు వచ్చింది, సరిగ్గా రావాల్సిన నిమిషానికే. మూడు నెలలు దాన్ని పట్టుకుని పండగ చేసుకున్నాను. చివరికి అది మీడియాలో (సూక్ష్మజీవులకు తిండిగా పోసే ద్రవంలో) కలిపే ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌లోదే. కల్చర్ వేయని ఖాళీ మీడియాను ఒకసారి నడిపి చూడమని ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. ఆ రాత్రి హాస్టల్లో అన్నం తినలేదు.

డబ్బు సంగతి: నెట్ (జాతీయ అర్హత పరీక్ష) కొట్టి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. 2023 జనవరి నుంచి ఇదే లెక్క. ఆ డబ్బు కొన్నిసార్లు నెలలు ఆలస్యంగా పడుతుంది, అది కూడా ఇంట్లో ముందే చెప్పు. ఫెలోషిప్ లేకుండా మాత్రం చేరొద్దు.

ఫెర్మెంటర్_మామ:
పాపా, మాది చిత్తూరు. బెంగళూరులో ఎంజైమ్ ప్లాంట్‌లో 14 ఏళ్లుగా ఉన్నాను. అక్క చెప్పింది ల్యాబ్ వరకు, మిగతాది నేను చెప్తా.

ఆ 25 గ్రాముల తర్వాత కథ తెలుసా? సనోఫీ కంపెనీ ఆ ఈస్ట్‌తో 2013లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఈలోగా మొక్క నుంచి తీసే సరుకు ధర పడిపోయింది. ఈస్ట్ సరుకు దానికన్నా ఖరీదు, కొనేవాడు లేడు, చివరికి ప్లాంటే అమ్ముకున్నారు. సైన్స్ గెలిచింది, మార్కెట్ ఒప్పుకోలేదు. కీస్లింగ్ వాళ్లు పెట్టిన అమైరిస్ కంపెనీ కూడా 2023లో దివాలా పిటిషన్ వేసింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. బగ్‌ను, అంటే సూక్ష్మజీవిని, మార్చేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, ఆ బగ్ కిలోకు ఎంత పడుతుందో లెక్క కట్టగలిగినవాళ్లు దొరకడం లేదు. ఉద్యోగం ఉన్నది అక్కడ.

మీ నాయన టన్ను చెరకుకు ఎంత బెల్లం దిగిందని చూస్తాడు కదా, మాదీ అదే గోల. గ్లూకోజ్ గ్రాముకు ఆల్కహాల్ ఎంత తోమినా 0.51 గ్రాము దాటదు, మిగతాది కార్బన్ డయాక్సైడ్ అయ్యి గాల్లో కలిసిపోవాల్సిందే. ఈ హద్దు తెలియకుండా "యీల్డ్ (దిగుబడి) రెట్టింపు చేస్తాం" అని స్లైడ్లు వేసేవాళ్లను ఇంటర్వ్యూల్లో ఎంతమందినో చూశా. నేను అడిగే మొదటి ప్రశ్న, పోసిన చక్కెర ఎంత, వచ్చిన సరుకు ఎంత, మిగతాది ఎక్కడికి పోయింది. పది మందిలో ఎనిమిది మంది పైకప్పు చూస్తారు.

ఇంకోటి, ఫ్లాస్క్‌లో బంగారంలా ఉన్న బగ్ పెద్ద ట్యాంకులో గాలి చాలక మొరాయిస్తుంది. చక్కెర తొందరపడి పోస్తే ఈకొలై తినలేక వెనిగర్ పులుపు లాంటి అసిటేట్ కక్కుతుంది, దాంతో దాని పెరుగుదలకు అదే అడ్డం. అందుకే చక్కెర కొంచెం కొంచెంగా వదులుతాం. నురగ సంగతి మీ ఇంట్లో తెలుసు, పెనంలో పానకం పొంగితే మీవాళ్లు ఆముదం చుక్కలు వేస్తారు కదా. మేమూ యాంటీఫోమ్ అని నూనె లాంటిదే వేస్తాం. ఒకసారి నైట్ షిఫ్ట్‌లో కునుకు పట్టి లేచి చూసేసరికి నురగ ఎగ్జాస్ట్ ఫిల్టర్ దాకా ఎక్కి ఉంది, బ్యాచ్ మొత్తం మోరీలోకి.

కాబట్టి ఏ ల్యాబ్‌లో చేరినా అక్కడ నడిచే ఫెర్మెంటర్ (సూక్ష్మజీవులను పెంచే ట్యాంకు) ఉందో లేదో చూడు. గుడ్డ కప్పి ఉంటే వద్దు.

నిజం_చెప్తే_కోపం:
ఇవన్నీ వినడానికి బాగుంటాయి. పీహెచ్‌డీ అయ్యేసరికి 29, తర్వాత పోస్ట్‌డాక్ అని ఇంకో తాత్కాలిక పరిశోధన ఉద్యోగం అంటారు, అదయ్యేసరికి జుట్టు తెల్లబడుతుంది. క్యూసీలో చేరు, రెండేళ్లు డబ్బు చూడు, అప్పటికీ పిచ్చి తగ్గకపోతే ఆలోచించు.

పాత_షేకర్:
అన్నా, క్యూసీలో చేరి రెండేళ్ల తర్వాత నెట్‌కు కూర్చుంటానన్న మా బ్యాచ్ వాళ్లలో ఒక్కరూ కూర్చోలేదు. ఉద్యోగం తప్పని కాదు, పన్నెండు గంటల షిఫ్ట్ చేసి వచ్చి పుస్తకం తెరవడం ఎవరి వల్లా కాలేదు. చెల్లీ, పెద్ద నిర్ణయం ఇప్పుడే ఎందుకు? ముందు నెట్ రాయి. ఈలోగా యేర్పేడు దగ్గర ఐసర్‌లోనో (కేంద్ర ప్రభుత్వ సైన్స్ పరిశోధన సంస్థ) ఇంకెక్కడైనానో ఒక ప్రాజెక్టుకు మెయిళ్లు పెట్టు. ఇరవై పెడితే ఒకటి జవాబు వస్తుంది, ఏడవకు.

పాకాల_పిల్ల:
అందరికీ థ్యాంక్స్. మామా, మీ మెసేజ్ నాయనకు చదివి వినిపించాను. అమైరిస్ దివాలా దగ్గర "చూసినావా" అన్నాడు. ఆముదం చుక్కల దగ్గర మాత్రం నవ్వి, ఫోన్ తీసుకుని ఆ ముక్క మళ్లీ చదివించుకున్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. రాత్రి అన్నం తింటూ "ఆ పురుగుకు పోసే చక్కెర వాళ్లు యాడ కొంటారంట? బెల్లం మడ్డి పనికిరాదా?" అని అడిగాడు. మొలాసిస్ వాడతారని చెప్పాను, రేటెంత అన్నాడు, నాకు తెలియదు. మామా, అది కాస్త చెప్పండి. క్యూసీ వాళ్లకు జవాబివ్వడానికి పది రోజులు గడువు అడిగాను. నెట్ లైఫ్ సైన్సెస్ పాత పేపర్లు ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి, తిరుపతిలో అయితే నేనే వచ్చి తీసుకుంటాను.