ఏర్పాటు దేవునిదైతే, పదేపదే పడిపోతున్నవాడికి ఏం చెప్పాలి?

మాది రాయగడ. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్న కుర్రాళ్లతో ఆదివారం సాయంత్రం బైబిల్ స్టడీ నడుపుతున్నాను, ఒక్కో వచనాన్నీ రెండు బైబిళ్లలో చదువుకుంటాం. దేవుడు తన ఇష్టప్రకారం మనుషుల్ని ఎంచుకుంటాడని (దీన్నే ‘ఏర్పాటు’ అంటాం) చెప్పే రోమా 9 దగ్గర బండి ఆగిపోయింది. తాగుడు మానేసి మళ్లీ మొదలుపెట్టిన ఒకబ్బాయి, "దేవుడు నన్ను ఏర్పరచుకోలేదేమో, మరి ఈ పాట్లన్నీ ఎందుకన్నా?" అన్నాడు.

మొదట ఎఫెసీ 1:4 చూపించాను, ఏర్పరచుకున్నదే పరిశుద్ధులుగా ఉండడానికని. దాంతో ఇంకా టెన్షన్ పడ్డాడు: పరిశుద్ధత కనబడట్లేదు కాబట్టి ఏర్పాటూ లేనట్టేనట. తర్వాత 1618-19లో నెదర్లాండ్స్‌లో జరిగిన డార్ట్ అనే సంఘ సభ తీర్మానాలు చెప్పాను, విశ్వాసులు దావీదు, పేతురుల్లా ఘోరంగా పడొచ్చు గానీ దేవుడు వాళ్లను పూర్తిగా వదిలేయడని. "మరి యేసును పట్టించిన ఇస్కరియోతు యూదా సంగతేంటి?" అన్నాడు. (మంచి ప్రశ్నే.) 18వ శతాబ్దపు బోధకుడు జాన్ వెస్లీ చెప్పినట్టు కృప ముందుగానే అందరికీ అందుతుంది, ఒప్పుకోవడం కాదనడం మన చేతిలోనే ఉంటుంది అన్నాను. కాసేపు ఊరట. కానీ వెస్లీ లెక్కలో విశ్వాసి కృప నుంచి తొలగిపోవచ్చు కూడా కదా అని ఇంకొకడు అందుకున్నాడు, మళ్లీ మొదటికొచ్చాం.

ఫిలిప్పీ 2:12-13 భయంతో, వణుకుతో రక్షణను కొనసాగించుకోమంటూనే మనలో పనిచేసేది దేవుడే అంటుంది. రెండూ నిజమనే నేను నమ్ముతాను, అతనికి మాత్రం అది తప్పించుకునే జవాబులా వినిపిస్తోంది. ఏర్పాటు పూర్తిగా దేవునిదే అన్న కాల్విన్ గొప్పా, మనిషి ఒప్పుకోవడమూ కావాలన్న అర్మీనియస్ గొప్పా అన్న వాదన ఇక్కడ వద్దు. పిలుపునూ ఏర్పాటునూ నిశ్చయం చేసుకోమనే 2 పేతురు 1:10ని, తన బతుకు చూసుకుని నిరాశపడే మనిషికి మీరైతే ఎలా వివరిస్తారు?